‘బ్లేడ్ రన్నర్’ డిస్కులను పక్కపక్కన పెట్టి పోల్చడం ఎలా?

1982 జూన్ 25న అమెరికా థియేటర్లలోకి వచ్చిన రిడ్లీ స్కాట్ చిత్రం ‘బ్లేడ్ రన్నర్’ ఆ వేసవిలో సరిగా ఆడలేదు. తరువాతి ఏళ్లలో వీడియో క్యాసెట్లు, లేజర్ డిస్కులు తెచ్చుకుని ఇంట్లో మళ్లీ మళ్లీ చూసినవారే దాన్ని కల్ట్ సినిమాగా నిలబెట్టారు. అందువల్ల దాని హోమ్ వీడియో విడుదలలు చాలా ఉన్నాయి, వాటి మీద వాదనలు ఇంకా ఎక్కువ ఉన్నాయి. ఆ వాదనల్లో చాలావాటికి మూలం ఒకటే పొరపాటు: డిస్కులో ఉన్నది సినిమా ఏ కూర్పు, ఆ కూర్పును ఏ ఫిల్ము నుంచి ఎప్పుడు స్కాన్ చేశారు, ఆ స్కాన్‌ను డిస్కులోకి ఎంత శ్రద్ధగా ఎక్కించారు అనే మూడు వేరువేరు ప్రశ్నలను కలిపేసి ‘ఏది మంచిది’ అని అడగడం. పోల్చదలచినవారు ఈ మూడింటినీ ఇదే వరుసలో, ఒకదాని తరువాత ఒకటిగా తేల్చుకోవాలి.

ముందుగా కూర్పు సంగతి. ఈ సినిమాకు ఏడు రూపాలు ఉన్నాయని సాధారణంగా చెబుతారు. వాటిలో శాన్ డియేగోలో విడుదలకు ముందు చూపించిన రూపం, 1986లో అమెరికా టీవీ కోసం కత్తిరించిన రూపం డిస్కుల మీద దొరకవు కాబట్టి సేకర్తకు మిగిలేవి అయిదు: ప్రివ్యూ ప్రేక్షకులకు చూపిన, ఇంకా పూర్తికాని వర్క్‌ప్రింట్, అమెరికా థియేటర్ కూర్పు, విదేశాలకు పంపిన అంతర్జాతీయ కూర్పు, 1992 నాటి డైరెక్టర్స్ కట్, 2007 నాటి ఫైనల్ కట్. అట్ట మీది అక్షరాలను నమ్మకుండా, డిస్కు పెట్టి అయిదారు చోట్ల చూస్తే అది ఏ కూర్పో పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

రెప్లికెంట్లు అనే కృత్రిమ మనుషులను వేటాడే కథానాయకుడు డెకార్డ్ తొలిసారి వీధిలో కనిపించినప్పుడు హారిసన్ ఫోర్డ్ గొంతుతో కథనం వినిపిస్తే అది 1982 నాటి రెండు థియేటర్ కూర్పులలో ఒకటి. ఆ రెండింటిలో ఏదో తేల్చుకోవడానికి వారిని తయారుచేసే టైరెల్ మరణ దృశ్యానికి వెళ్లాలి: రెప్లికెంట్ల నాయకుడు బ్యాటీ బొటనవేళ్లు కళ్లలోకి దిగి రక్తం కారడం స్పష్టంగా చూపిస్తే అది అంతర్జాతీయ కూర్పు. ప్రిస్ అనే రెప్లికెంట్ డెకార్డ్‌ను కొట్టే చోట, బ్యాటీ తన అరచేతిలోకి మేకు దిగగొట్టుకునే చోట కూడా అందులో అదనపు ముక్కలు ఉన్నాయి. ఈ రెండు థియేటర్ కూర్పులూ పచ్చని కొండల మీదుగా కారు సాగిపోయే సుఖాంతంతో ముగుస్తాయి. ఆ ఆకాశ దృశ్యాల్లో కొన్ని స్టాన్లీ కుబ్రిక్ తన ‘ది షైనింగ్’ కోసం తీయించి, వాడకుండా మిగిల్చినవి. కథనం లేకుండా, లిఫ్టు తలుపు మూసుకోవడంతో సినిమా ముగిసి, మధ్యలో డెకార్డ్ పియానో దగ్గర కూర్చున్నప్పుడు ఒంటికొమ్ము గుర్రం కల వస్తే అది డైరెక్టర్స్ కట్ గానీ ఫైనల్ కట్ గానీ అవుతుంది. వీటిని విడదీయడానికి మళ్లీ టైరెల్ దగ్గరికే వెళ్లాలి, ఎందుకంటే 1992 కూర్పులో ఆ అదనపు హింస లేదు, 2007 కూర్పులో ఉంది. సినిమా ప్రారంభంలో రెప్లికెంట్ అనే మాటకు ఒక కల్పిత నిఘంటువులోని అర్థం తెర మీద కనిపిస్తే చేతిలో ఉన్నది వర్క్‌ప్రింట్.

నాకు బాగా ఇష్టమైన పరీక్ష మాత్రం డెకార్డ్ పై అధికారి బ్రయంట్ చెప్పే లెక్క. థియేటర్ కూర్పులో ఆరుగురు రెప్లికెంట్లు తప్పించుకున్నారని, అందులో ఒకరు కరెంటుకు మాడిపోయారని అతను అంటాడు. మిగలవలసింది అయిదుగురు, సినిమాలో కనిపించేది నలుగురు. ఆ అయిదవది డెకార్డే అని అభిమానులు ఏళ్ల తరబడి తర్కించుకున్నారు. అసలు కారణం అంత లోతైనది కాదు. చిత్రీకరించకుండా వదిలేసిన ఒక పాత్ర తాలూకు లెక్క సంభాషణలో మిగిలిపోయింది. ఫైనల్ కట్‌లో మాడిపోయినవారు ఇద్దరని దిద్దారు.

అదే ఫైనల్ కట్‌లో ఇంకొన్ని దిద్దుబాట్లు ఉన్నాయి. గాజు పలకలు పగలగొట్టుకుంటూ జోరా అనే రెప్లికెంట్ పరుగెత్తే దృశ్యంలో పాత కూర్పులన్నిటిలో స్టంట్ మనిషి ముఖం, విగ్గు తేలికగా కనిపించిపోతాయి. 2007లో నటి జోవాన్నా కాసిడీని పిలిపించి ఆమె ముఖాన్ని డిజిటల్‌గా అతికించారు. పాముల వ్యాపారితో మాట్లాడేటప్పుడు మాటకూ పెదవికీ కుదరని చోట హారిసన్ ఫోర్డ్ కుమారుడు బెన్ పెదవుల కదలికను చిత్రీకరించి కలిపారు. చివర పావురం వర్షపు రాత్రిలోంచి ఉన్నట్టుండి నీలాకాశంలోకి ఎగిరే విడ్డూరాన్ని కూడా సరిచేశారు. ఇవి బొమ్మ నాణ్యతకు సంబంధించినవి కావు, కూర్పుకు సంబంధించినవి. ‘పాత డీవీడీలో జోరా ముఖం బాగా లేదు’ అని ఎవరైనా అంటే ఆ తప్పు డీవీడీది కాదని గుర్తించాలి.

నిడివి చూసి కూర్పును గుర్తించవచ్చని కొందరు అనుకుంటారు, అది ఉచ్చు. కొంచెం పొట్టిదైన వర్క్‌ప్రింట్ మినహా ఈ కూర్పుల నిడివులన్నీ నిమిషం, రెండు నిమిషాల తేడాలోనే ఉంటాయి. పైగా యూరప్‌లోనూ మన దేశంలోనూ వాడిన పాల్ పద్ధతి డీవీడీలలో సెకనుకు 24 ఫ్రేముల సినిమాను 25 ఫ్రేముల వేగంతో నడిపిస్తారు కాబట్టి 117 నిమిషాల సినిమా 112 నిమిషాలకే ముగుస్తుంది. ఏమీ కత్తిరించనక్కర లేదు. అయితే సవరించకుండా వదిలేసిన డిస్కులలో శబ్దపు శ్రుతి కూడా కొంచెం పెరుగుతుంది, వాంగెలిస్ సంగీతం అలవాటైన చెవికి అది వెంటనే తెలుస్తుంది.

కూర్పు తేలిన తరువాత మాస్టర్ సంగతికి, అంటే డిస్కుకు మూలమైన స్కాన్ సంగతికి రావాలి. వీడియో క్యాసెట్ల కాలంలో ఎత్తుకు 2.39 రెట్ల వెడల్పు ఉన్న బొమ్మను 1.33 రెట్ల వెడల్పు టీవీ తెరలో ఇరికించడానికి రెండు వైపులా కోసేవారు. లెక్క వేస్తే దాదాపు 44 శాతం బొమ్మ పోతుంది. 1987లో క్రైటీరియన్ సంస్థ విడుదల చేసిన లేజర్ డిస్కుకు అంత పేరు రావడానికి కారణం, అది అంతర్జాతీయ కూర్పును పైనా కిందా నల్ల పట్టీలతో పూర్తి వెడల్పులో చూపడం. ఈ రోజు దానిని బొమ్మ కోసం కొనడం అనవసరం, అట్ట కోసం, చరిత్ర కోసం కొనవచ్చు. 1997లో డైరెక్టర్స్ కట్ డీవీడీగా వచ్చింది, ఆ ఫార్మాట్ తొలి డిస్కులలో అదొకటి. 2006లో శుభ్రపరచిన మాస్టర్‌తో మళ్లీ వచ్చింది. ఈ రెండింటినీ పోల్చడానికి ఎక్కువ సమయం వెచ్చించనక్కర లేదు, రెండవది అన్ని విధాలా మేలు.

అసలు మలుపు 2007 డిసెంబర్ 18. ఆ రోజు అయిదు కూర్పులూ అయిదు డిస్కుల పెట్టెలో డీవీడీ, బ్లూ-రే, హెచ్‌డీ డీవీడీ రూపాల్లో ఒకేసారి వచ్చాయి. రెండు నెలలు తిరిగేసరికి, 2008 ఫిబ్రవరిలో, తోషిబా హెచ్‌డీ డీవీడీని మానేస్తున్నట్టు ప్రకటించింది కాబట్టి ఆ మూడవ రూపం కొన్నవారి చేతిలో మిగిలింది చిన్న సూట్‌కేసు లాంటి అందమైన పెట్టె. ఫైనల్ కట్ కోసం అసలు నెగెటివ్‌ను 4కే (అడ్డంగా సుమారు నాలుగు వేల చుక్కలు) స్థాయిలోనూ, డగ్లస్ ట్రంబుల్ బృందం 65 ఎంఎం ఫిల్ము మీద తీసిన ఎఫెక్ట్స్ భాగాలను 8కే స్థాయిలోనూ స్కాన్ చేశారు. పాత థియేటర్ కూర్పులకు ఆ స్థాయి పునరుద్ధరణ జరగలేదు. ఇప్పుడు దొరికే డిస్కులలో అత్యంత స్పష్టమైనది ఫైనల్ కట్ కావడానికి ఈ స్కానే కారణం, ఆ కూర్పు మీద మీకు ఏ అభిప్రాయం ఉన్నా సరే.

అయితే స్పష్టత వేరు, రంగు వేరు. ఫైనల్ కట్‌కు 2007లో కొత్తగా రంగులు దిద్దారు. నీడలలోకి, రాత్రి దృశ్యాలలోకి ఆకుపచ్చ కలిసిన నీలి ఛాయ వచ్చి చేరింది. టైరెల్ కార్యాలయంలోని బంగారు వెలుగు మినహా దాదాపు అంతటా అది కనిపిస్తుంది. ఛాయాగ్రాహకుడు జోర్డన్ క్రోనెన్‌వెత్ పట్టుకున్న పొగ, వెలుగు ఆ ఛాయ కింద కొంచెం ఒకే తీరుగా మారాయని నా అభిప్రాయం, కాదనేవారూ చాలామంది ఉన్నారు. పోల్చేటప్పుడు ముఖాల రంగును, తెల్లని వస్తువులను చూడాలి. నియాన్ దీపాలు ఏ రంగులో ఉన్నా ఇంపుగానే కనిపిస్తాయి కాబట్టి వాటిని చూసి ఏమీ తేల్చలేము.

మూడవ ప్రశ్న డిస్కులోకి ఎక్కించిన తీరు. 2007 బ్లూ-రేలో వాడినది వీసీ-1 అనే కోడెక్, అంటే బొమ్మను కుదించి ఎక్కించే పద్ధతి. 2017 సెప్టెంబర్‌లో వచ్చిన 4కే డిస్కులో హెచ్‌ఈవీసీ అనే కోడెక్, వెలుగు నీడల పరిధిని పెంచే హెచ్‌డీఆర్, డాల్బీ అట్మాస్ శబ్దం ఉన్నాయి. ఈ రెండింటిలోనూ ఉన్నది ఒకే ఫైనల్ కట్, ఒకే స్కాన్ నుంచి వచ్చినది కాబట్టి మొదటి రెండు ప్రశ్నలు ఇక్కడ లేవు, శుద్ధంగా మూడవదే ఉంది. ఈ సినిమా విషయంలో పోలికకు ఇంత అనువైన జత ఇంకొకటి లేదు. లియాన్ అనే రెప్లికెంట్‌ను ప్రశ్నించే తొలి గదిలోని సిగరెట్ పొగను చూడండి: బ్లూ-రేలో పొగ అంచులు అక్కడక్కడా మెట్లు మెట్లుగా విరుగుతాయి, 4కేలో గ్రెయిన్ (ఫిల్ములోని సహజమైన రేణువులు) సన్నగా, కదులుతూ, ఫిల్ముకు దగ్గరగా ఉంటుంది. తరువాత ప్రారంభంలోని లాస్ ఏంజెలిస్ దృశ్యంలో మంటలు ఎగసిపడే క్షణాన్ని, చివర వర్షంలో బ్యాటీ ముఖాన్ని చూడండి. ఈ మూడు చోట్లు చాలు. ఇరవై చోట్ల చూస్తే కళ్లు అలసిపోయి చివర చూసిందే మంచిదనిపిస్తుంది.

మరొక జాగ్రత్త. థియేటర్ కూర్పులు రెండూ, డైరెక్టర్స్ కట్ కలిసి ఒకే బ్లూ-రే మీద ఉంటాయి. మూడింటికీ ఉమ్మడిగా ఉన్న దృశ్యాలను ఒక్కసారే ఎక్కించి, తేడా ఉన్న ముక్కలను మాత్రం విడిగా పెట్టి, ఎంచుకున్న కూర్పును బట్టి ప్లేయర్ వాటిని వరుసలో అందుకునేలా చేశారు. కాబట్టి ‘ఆ డిస్కులో అమెరికా కూర్పు కన్నా డైరెక్టర్స్ కట్ బొమ్మ పదునుగా ఉంది’ అని ఎవరైనా అంటే వారు చూసింది రెండుసార్లూ అదే బొమ్మ. వర్క్‌ప్రింట్ వేరే డిస్కులో ఉంటుంది, అది 70 ఎంఎం ప్రింటు నుంచి తీసినది కాబట్టి మెత్తగా, గీతలతో ఉండడం సహజం.

చూసే పద్ధతికి కూడా కొంత క్రమం కావాలి. టీవీలో కదలికను నునుపు చేసే సదుపాయాన్ని ఆపి, షార్ప్‌నెస్‌ను సున్నాకు తగ్గించి, సినిమా మోడ్ లేదా ఫిల్మ్‌మేకర్ మోడ్ పెట్టి, గది దీపాలు ఆర్పాలి. రెండు డిస్కులనూ ఒకే ప్లేయర్‌లో, ఒకే టీవీ మీద, వీలైనంత వరకు ఒకే పూట చూడాలి. కంప్యూటర్‌లో ఫ్రేములను పట్టుకుని పోల్చేవారు పీఎన్‌జీ రూపంలో భద్రపరచాలి, ఎందుకంటే జేపెగ్ గ్రెయిన్‌ను తుడిచేసి లేని లోపాలను చూపిస్తుంది. హెచ్‌డీఆర్ ఫ్రేమును మామూలు తెర మీదికి మార్చినప్పుడు రంగులు పాలిపోవడమో నీడలు నల్లబడడమో జరుగుతుంది. అది మార్పిడి చేసిన సాఫ్ట్‌వేర్ పని, డిస్కు లోపం కాదు. 4కే డిస్కు మరీ చీకటిగా ఉందనే నిందలో కొంత భాగం ఇలాంటి ఫ్రేముల నుంచే పుట్టింది.

మన దేశంలో కొనేవారికి కొన్ని సంగతులు. డిస్కు ఏ దేశాల ప్లేయర్లలో ఆడాలో నిర్ణయించేది రీజియన్: డీవీడీలలో భారతదేశం 5వ రీజియన్, అమెరికా 1. బ్లూ-రేలలో మనది సి, అమెరికాది ఎ. అమెరికాలో ఉన్న బంధువుల ద్వారా తెప్పించుకునే డీవీడీ ఇక్కడి ప్లేయర్‌లో ఆడకపోవడానికి కారణం ఇదే. బ్లూ-రే అయితే కొనేముందు పెట్టె వెనుక ఉన్న రీజియన్ గుర్తును ఫోటో తీసి పంపమనడం మంచిది. 4కే డిస్కులకు రీజియన్ అడ్డు లేదు, కానీ అదే పెట్టెలో ఉండే మామూలు బ్లూ-రేకు ఆ హామీ వర్తించదు.

పాత పెట్టె కొనేటప్పుడు డిస్కులను లెక్కపెట్టండి. ఒకసారి నేను 2007 నాటి సెట్ అని తీసుకున్న పెట్టెలో అన్నీ ఉన్నాయి, వర్క్‌ప్రింట్ తప్ప. దాని గూడులో ఎవరో వేరే సినిమా డిస్కు పెట్టారు. అయిదు కూర్పులూ కావాలంటే 2007 పెట్టె గానీ, 2012లో వచ్చిన ముప్ఫై ఏళ్ల సెట్ గానీ చూడాలి. 4కే విడుదలల విషయంలో ఎడిషన్‌ను బట్టి లోపలి డిస్కులు మారుతాయి, కొన్నిటిలో ఫైనల్ కట్ ఒక్కటే ఉంటుంది. కథనంతో, సుఖాంతంతో ఉన్న సినిమా మీద మమకారం ఉన్నవారు పాత కూర్పుల బ్లూ-రే లోపల ఉందో లేదో అడగకుండా డబ్బు కట్టవద్దు.