పేటెంటు వెతుకులాటలో వర్గ సంఖ్యను పట్టుకోండి
కొత్త పరికరం తయారుచేసి, అలాంటిది ఇంతకుముందే ఉందేమోనని పేటెంట్లలో వెతికేటప్పుడు వాడుక పేరు దగ్గరే ఆగిపోకండి. కొబ్బరి పీచు తీసే యంత్రాన్ని కూడా ‘కాయల పైపొర తొలగించే సాధనం’ అంటూ డొంకతిరుగుడుగా రాసేవారు ఉంటారు. గూగుల్ పేటెంట్స్‌లో దగ్గరగా ఉన్న పత్రం ఒక్కటి దొరికితే చాలు, అందులోని వర్గ సంఖ్య, అంటే ఆ ఆవిష్కరణ ఏ రకానిదో తెలిపే అంతర్జాతీయ గుర్తు, చూడండి. కొబ్బరికాయలకైతే ఏ23ఎన్ 5/03. ఆ సంఖ్యతో వెతికితే చైనా, జపాన్ భాషల్లో రాసినవీ బయటపడతాయి. బొమ్మలు మాత్రం తప్పకుండా చూడండి, మాటలకన్నా అవే అసలు సంగతి చెబుతాయి. గడువు తీరిన పేటెంటైనా, విదేశానిదైనా మీ కొత్తదనానికి అడ్డే. భారతీయ దరఖాస్తులకు భారత పేటెంటు కార్యాలయం వారి వెతుకులాట సైటు ఇన్‌పాస్ ఉంది. అవి సాధారణంగా 18 నెలల తర్వాతే ప్రచురితమవుతాయి కాబట్టి, కొన్నాళ్లాగి మరోసారి వెతకండి.