స్టాండు మీద చైన్ బాగుంది, మనిషి ఎక్కితే మోత: సొంతంగా కట్టిన కరెంటు బండిలో సమస్య - పరిష్కారం

పాత వంద సీసీ బండిలో ఇంజను దించి, 72 వోల్టుల బీఎల్‌డీసీ (బ్రష్షులు లేని డీసీ) మోటారు కూర్చోబెట్టి, చైన్‌తో వెనక చక్రం తిప్పే బండ్ల గురించి ఇది. చక్రంలోనే మోటారు ఉండే హబ్ బండ్లకు ఇందులో పనిలేదు. కడపలో నా దగ్గరికి ఇట్లాంటి బండి వచ్చిందంటే చాలామటుకు ఒకటే మాట: "అన్నా, మోటారు కాలిపోతోంది, రేంజి సగానికి పడింది, కంట్రోలర్ మార్చినా అంతే." మోటారుకు కరెంటు పంపే ఆ కంట్రోలర్‌కు డబ్బు పెట్టే ముందు చక్రం చేత్తో తిప్పి చూశావా అని అడిగితే జవాబు ఉండదు.

అందుకే మొదట అది చేయండి.

చక్రం తిప్పి చూడటం

ముందు బ్యాటరీ ఎంసీబీ (కరెంటు తెగ్గొట్టే స్విచ్చి) దించండి. పెట్రోలు బండి ఆన్‌లో ఉంటే చప్పుడే చెబుతుంది, ఇది చెప్పదు. చైన్ దగ్గర చెయ్యి ఉన్నప్పుడు ఎవరైనా థ్రాటిల్ తాకితే వేలు పోతుంది.

సెంటర్ స్టాండు వేసి చక్రం తిప్పండి. బిగువుగా ఉంటే వెనక బ్రేకు రాడ్ నట్టు వదులు చేసి మళ్ళీ తిప్పండి. డ్రమ్ము పట్టేసిన బండికి మోటారు మార్చుకున్నవాళ్ళను చూశాను. అప్పటికీ బిగువు పోకపోతే చైన్ లాకు తీసి చక్రాన్ని ఒకసారి, మోటారు షాఫ్టును ఒకసారి విడివిడిగా తిప్పండి. అయస్కాంతాల వల్ల షాఫ్టు చిన్నచిన్న మెట్లు దిగినట్టు తిరగడం మామూలే. అట్లా కాకుండా బురదలో తిప్పినట్టు ఒకటే బరువుగా ఉంటే మూడు ఫేజు వైర్లూ కంట్రోలర్ నుంచి విప్పి, ఒకదానికొకటి తగలకుండా పెట్టి తిప్పండి. తేలికైతే కంట్రోలర్ లోపల మాస్‌ఫెట్ (కరెంటును ఆన్ ఆఫ్ చేసే భాగం) షార్టయింది. తేలిక కాకపోతే మోటారు బేరింగో, వైండింగో చూడాలి. మొత్తం పది నిమిషాల పని.

చదును రోడ్డు మీద బాగుంటుంది, ఎత్తు ఎక్కితే మోటారు కాలుతుంది

కారణం దాదాపు ఎప్పుడూ రేషియోనే, అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి మోటారు ఎన్ని చుట్లు తిరుగుతుందనేది. ఇంజను బండి స్ప్రాకెట్లు, ముందు 14 పళ్ళు, వెనక 42, అట్లాగే ఉంచేస్తారు. అంటే మూడుకు ఒకటి. పెట్రోలు బండికి చైన్ కన్నా ముందే గేరుబాక్సులో తగ్గింపు ఉంటుంది, మీ మోటారుకు అది లేదు. మోటారు 3500 ఆర్‌పీఎం తిరిగేదైతే ఈ రేషియోలో 18 అంగుళాల చక్రానికి లెక్క 130 కిలోమీటర్ల వేగం దగ్గర తేలుతుంది. ఆ వేగం మీకెందుకు? గువ్వలచెరువు ఘాట్‌లో 30లో ఎక్కుతున్నప్పుడు మోటారు తన సహజ వేగంలో నాలుగో వంతు కూడా తిరగదు, ఆంపియర్లు మాత్రం పూర్తిగా లాగుతుంది. ఎండ 40 డిగ్రీలు దాటే ఊళ్ళో ఆ వేడి పోవడానికి దారి ఉండదు.

60, 70 వేగం చాలనుకుంటే రేషియో ఐదున్నర దగ్గర పెట్టండి. ముందు 10 పళ్ళది వేసి సరిపెట్టొద్దు. పళ్ళు తగ్గేకొద్దీ చైన్ వృత్తంలా కాక పలకలు పలకలుగా తిరుగుతుంది. 14 పళ్ళకు చైన్ వేగం రెండున్నర శాతం ఊగితే, 10 పళ్ళకు 5 శాతం దాకా ఊగుతుంది. మోత పెరుగుతుంది, చైన్ తొందరగా సాగుతుంది. మోటారుకూ చక్రానికీ మధ్య జాక్‌షాఫ్టు (రెండు స్ప్రాకెట్లున్న ఇంకో ఇరుసు) పెట్టి, మొదటి అంచెలో 1.8, రెండో అంచెలో పాత 14, 42 ఉంచుకుంటే 5.4 వస్తుంది. ఈ జాక్‌షాఫ్టు కింద చెప్పబోయే జబ్బుకు కూడా మందు.

ఒక్కరే పోతే బాగుంటుంది, వెనక మనిషి కూర్చుంటే మోత, వేడి, గట్టి సస్పెన్షన్

నన్ను బాగా నష్టపరిచింది ఇదే. నా మొదటి బండికి షాఫ్టు వైపు బేరింగు రెండుసార్లు మార్చాను, షాకబ్జర్లు కొత్తవి వేశాను, చైన్ సెట్టు మార్చాను. ఆరు వేల కిలోమీటర్లు కూడా తిరగకుండానే మళ్ళీ మొదటికి వచ్చింది. ప్రతిసారీ స్టాండు వేసి చైన్ కొలిచేవాణ్ణి. మధ్యలో వేలితో ఎత్తి దించితే 25 మిల్లీమీటర్లు ఆడేది. సరిగ్గా ఉంది అనుకునేవాణ్ణి.

చైన్ సరిగ్గా ఉన్నది స్టాండు మీద మాత్రమే. స్టాండు వేస్తే చక్రం కిందికి వేలాడుతుంది. మనిషి ఎక్కితే స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని, ఫ్రేము దగ్గర పిన్ను మీద ఊగే చేయి) పైకి లేస్తుంది. స్వింగార్మ్ తిరిగేది తన పిన్ను చుట్టూ, చైన్ లాగేది మోటారు షాఫ్టు నుంచి. ఈ రెండూ ఒకచోట లేవు కాబట్టి స్వింగార్మ్ కదిలినప్పుడల్లా షాఫ్టుకూ వెనక యాక్సిల్‌కూ మధ్య దూరం మారుతుంది. షాఫ్టు, పిన్ను, యాక్సిల్ మూడూ ఒకే గీత మీదికి వచ్చినప్పుడు దూరం అన్నిటికన్నా ఎక్కువ.

కంపెనీ బండిలో ముందు స్ప్రాకెట్ పిన్నుకు దగ్గరగానే ఉంటుంది. ఉదాహరణకు 7 సెంటీమీటర్లు అనుకోండి. 48 సెంటీమీటర్ల స్వింగార్మ్ ఆ గీతకు 15 డిగ్రీలు కింద ఉన్న చోటు నుంచి గీత మీదికి వస్తే దూరం 2 మిల్లీమీటర్లు పెరుగుతుంది. మనం బ్యాటరీకి చోటు కోసం మోటారును ముందుకు జరుపుతాం. షాఫ్టు 25 సెంటీమీటర్ల దూరం పోయిందంటే అదే కదలికకు ఐదున్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఇక్కడే అందరూ మోసపోతారు. వేలికి 25 మిల్లీమీటర్లు ఆడుతున్నట్టు తగిలే చైన్‌లో నిజానికి ఉన్న అదనపు పొడవు అర మిల్లీమీటరు కూడా కాదు. ఐదున్నర ఎక్కడి నుంచి తెస్తుంది? బేరింగును నలుపుతుంది, అడ్జస్టరు బోల్టును వంచుతుంది. ఏదీ లొంగకపోతే చైనే బండి బరువు మోస్తుంది. షాకబ్జర్లు దిగడం లేదని వాటిని మారుస్తాం.

పసిగట్టడం ఎట్లా? మోటారు బిగించిన ప్లేటులో పొడుగు రంధ్రాల దగ్గర టార్చి వేసి చూడండి. వాషరు పక్కన పెయింటు లేచిపోయి, నెలవంక ఆకారంలో ఇనుము తెల్లగా మెరుస్తుంటే మోటారు వెనక్కి లాగబడుతోందని అర్థం. రాయచోటి నుంచి వచ్చిన తమ్ముడి బండిలో ఆ నెలవంక గోరంత వెడల్పు ఉంది. ఘాట్‌లో భార్య, బిడ్డ వెనక ఉండగా చైన్ తెగింది. చైన్ చక్రానికి చుట్టుకోలేదు కాబట్టి సరిపోయింది.

పరిష్కారం ఇది. షాకబ్జర్ల కింది బోల్టులు తీయండి. షాఫ్టు మధ్య నుంచి పిన్ను మధ్య మీదుగా యాక్సిల్ దాకా దారం పట్టుకుని, మూడూ గీత మీదికి వచ్చేదాకా చక్రం కింద చెక్కముక్కలు పెట్టి ఎత్తండి. సస్పెన్షన్ గీత దాకా లేవని బండైతే అది లేవగలిగినంత పైన ఆపండి. చైన్ అక్కడ కొలవాలి. అక్కడ 10 నుంచి 15 మిల్లీమీటర్లు ఆడితే చాలు. తర్వాత చక్రం దించితే చైన్ వేలాడి భయపెడుతుంది. దాన్ని చూసి మళ్ళీ బిగించొద్దు, కింది వరుసకు నైలాన్ రోలరు టెన్షనరు పెట్టండి. రీజెన్ బ్రేకింగు (బండిని ఆపుతూ మోటారే కరెంటు చేసి బ్యాటరీకి పంపడం) వాడేవాళ్ళకు ఒక మాట: రీజెన్ పట్టినప్పుడు కింది వరుసే బిగుస్తుంది, స్ప్రింగు టెన్షనరును కొట్టి విరగ్గొడుతుంది. రీజెన్ ఆపండి, లేదా బాగా తగ్గించండి.

మోటారు షాఫ్టు పిన్ను కన్నా బాగా పైన ఉన్న బండిలో ఇదంతా తలకిందులవుతుంది. స్టాండు మీద బిగువు, మనిషి ఎక్కితే వదులు, ఎత్తులో థ్రాటిల్ తిప్పగానే చైన్ పళ్ళు దాటుతుంది. దాన్ని కూడా గీత మీదే కొలవాలి.

శాశ్వత మందు మాత్రం జాక్‌షాఫ్టును పిన్నుకు వీలైనంత దగ్గరగా పెట్టడం. మోటారు ముందుకు ఎంత పోయినా ఇబ్బంది లేదు, మోటారుకూ జాక్‌షాఫ్టుకూ మధ్య దూరం మారదు కాబట్టి.

మిగతావి

స్ప్రాకెట్లు ఒకే వరుసలో లేకపోతే పళ్ళు ఒక పక్కే మెరుస్తాయి. వెనక స్ప్రాకెట్‌కు నిటారు కమ్మీ ఆనించి చూసి, ముందుదానికి షిమ్ము (పలుచటి రేకు) వేయండి. ప్లేటు పలుచనైతే థ్రాటిల్ తిప్పినప్పుడు వంగుతుంది, దానికి వెనకవైపు ఒక అడ్డపట్టీ వెల్డింగు చేయించండి. షాఫ్టు కీ (స్ప్రాకెట్‌ను షాఫ్టుకు పట్టి ఉంచే ముక్క) అరగడం, హాల్ సెన్సరు (మోటారు ఎక్కడ తిరుగుతోందో కంట్రోలర్‌కు చెప్పేది) పోవడం అరుదు, పైవన్నీ చూశాకే వాటి జోలికి పోండి.

ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు తిరిగే బండికి గ్రీజు పూయొద్దు. నాపరాళ్ళ పొడి అంటుకుని చైన్‌ను ఆకురాయిలా అరగదీస్తుంది. పలుచటి చైన్ ఆయిలు వేసి పైది తుడిచేయండి. 428 చైన్ కొత్తదైతే 20 లింకులు 254 మిల్లీమీటర్లు ఉంటాయి. 259కి వచ్చిందంటే స్ప్రాకెట్లతో సహా మార్చాలి.