ఇంట్లో ఇన్సులిన్, 6వ పాఠం: జ్వరం వచ్చిన రోజు

ముందుగా పోయిన పాఠం లెక్కకి జవాబు. ఒక యూనిట్ ఇన్సులిన్ షుగర్‌ని ఎంత దించుతుంది అన్నది ఆ లెక్క. రోజు మొత్తం ఇన్సులిన్ 36 యూనిట్లు అయితే ఈ అంచనాకి వాడే 1800 అనే అంకెని 36తో భాగించాలి, 50 వస్తుంది. అంటే త్వరగా పనిచేసే ఇన్సులిన్ ఒక యూనిట్ షుగర్‌ని సుమారు 50 దించుతుంది. ఇది ఒంట్లో బాగున్న రోజుల లెక్క. జ్వరం వచ్చిన రోజు అదే యూనిట్ అంత దించకపోవచ్చు.

రెండేళ్ళ క్రితం వానాకాలంలో మా నాన్నకి వైరల్ జ్వరం వచ్చింది. నోరు చేదని రాత్రి రెండు ముద్దలు కూడా తినలేదు. "అన్నమే తినలేదు, సూదెందుకు? షుగర్ పడిపోతుంది" అని అమ్మ ఇన్సులిన్ పెన్ను పక్కన పెట్టేసింది. నేనూ సరేనన్నాను. పొద్దున్న మీటర్ 348 చూపించింది. నమ్మకం కుదరక చెయ్యి కడిగించి మళ్ళీ చూస్తే 352.

పస్తున్న మనిషికి అంత షుగర్ ఎక్కడిది? కాలేయం నుంచి. జ్వరం, ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు ఒళ్ళు కార్టిసాల్, అడ్రినలిన్ లాంటి హార్మోన్లు వదులుతుంది. అవి కాలేయంలో ఉన్న గ్లూకోజ్‌ని రక్తంలోకి తోస్తాయి, ఇన్సులిన్‌ని సరిగా పని చెయ్యనివ్వవు. ఆ సమయంలో మనం సూది కూడా మానేస్తే ఒళ్ళు కొవ్వు కరిగించుకుని బతకడం మొదలుపెడుతుంది. అలా పుట్టే కీటోన్లు పేరుకుంటే రక్తం ఆమ్లంగా మారుతుంది. టైప్ 1 వాళ్ళకి, అంటే ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారవ్వనివాళ్ళకి, ఇది కొన్ని గంటల్లోనే ప్రాణం మీదకి వస్తుంది.

అందుకని గ్లార్జిన్, డెగ్లుడెక్ లాంటి రోజంతా పనిచేసే ఇన్సులిన్‌ని తిండి లేదని మానకండి. షుగర్ తక్కువగా చూపిస్తుంటే ఎంత తగ్గించాలో డాక్టర్‌ని అడగండి. టైప్ 1 అయితే అసలే ఆపకూడదు. భోజనానికి ముందు వేసుకునే త్వరితం ఇన్సులిన్ వేరే సంగతి. భోజనం లేకపోతే ఆ భోజనం డోసు అక్కర్లేదు, కానీ పెరిగిన షుగర్‌ని దించడానికి అదే కావలసి రావచ్చు.

చిక్కంతా 30/70 మిక్స్‌తోనే. మన ఇళ్ళలో చాలామంది వాడే, పాలలా తెల్లగా ఉండే ఇన్సులిన్ అది. అందులో 30 వంతులు భోజనం కోసం, 70 వంతులు నెమ్మదిగా పనిచెయ్యడానికి. రెండూ ఒకే సీసాలో ఉన్నాయి కాబట్టి ఒకటి వేసి ఒకటి మానడం కుదరదు. తినలేని రోజు పూర్తి డోసు వేస్తే షుగర్ పడిపోవచ్చు, పూర్తిగా మానేస్తే ఎగబాకుతుంది. మిక్స్ వాడేవాళ్ళు "తినలేకపోతే ఎన్ని యూనిట్లు వెయ్యాలి?" అని ఒంట్లో బాగున్నప్పుడే డాక్టర్‌ని అడిగి రాయించుకోండి. రాత్రి పదకొండింటికి ఫోన్ ఎత్తేవాళ్ళు దొరక్క టెన్షన్ పడటం నాకు తెలుసు.

షుగర్ నాలుగు గంటలకోసారి చూడాలి, టైప్ 1 అయితే రెండు మూడు గంటలకోసారి. రాత్రి కూడా అలారం పెట్టుకుని లేవాలి. చెయ్యి సబ్బుతో కడిగి తుడిచాకే గుచ్చండి, వేలికి పండ్ల రసం తడి ఉన్నా మీటర్ ఎక్కువ చూపిస్తుంది.

టైప్ 1 వాళ్ళు షుగర్ 250 దాటినా, అంకె ఎంతున్నా వాంతులవుతున్నా, కీటోన్లు చూసుకోవాలి. మందుల షాపులో మూత్రం కీటోన్ స్ట్రిప్పులు అడిగితే ఇస్తారు. శుభ్రమైన గ్లాసులో మూత్రం పట్టి, స్ట్రిప్‌ని ఒక్కసారి ముంచి తీసి, అంచుని గ్లాసుకి ఆనించి అదనపు తడి వదలగొట్టండి. తర్వాత సీసా మీద రాసినన్ని సెకన్లు లెక్కపెట్టి, మంచి వెలుతురులో సీసా మీది రంగులతో పోల్చండి. రంగు లేత గోధుమ నుంచి వంకాయ రంగు వైపు ఎంత జరిగితే కీటోన్లు అంత ఎక్కువ. వేలి రక్తంతో కీటోన్లు చూసే మీటర్ ఉంటే ఇంకా మంచిది. అందులో 0.6 లోపు మామూలే, 1.5 దాటితే వెంటనే డాక్టర్‌కి చెప్పాలి, 3 దాటితే ఆసుపత్రికి బయల్దేరాలి.

కీటోన్లు కనిపిస్తే టైప్ 1 వాళ్ళకి డాక్టర్లు సాధారణంగా రోజు మొత్తం డోసులో పదో వంతు త్వరితం ఇన్సులిన్ అదనంగా వెయ్యమంటారు. రోజుకి 40 యూనిట్లు అయితే 4 యూనిట్లు. ఎంత వెయ్యాలో, మళ్ళీ ఎన్ని గంటలకో మీ డాక్టర్ మీకు రాసిచ్చినదే పాటించండి. ముందు వేసింది నాలుగు గంటల దాకా ఒంట్లో పనిచేస్తూనే ఉంటుంది, తొందరపడి దాని మీద ఇంకోటి వేస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది.

నీళ్ళు గంటకో గ్లాసు, గుటక గుటకగా. గుండె, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు ఎంత తాగాలో డాక్టర్‌ని అడగాలి. షుగర్ ఎక్కువగా ఉంటే మామూలు నీళ్ళు, ఉప్పేసిన పల్చటి మజ్జిగ. తగ్గుతూ వస్తుంటే బియ్యం గంజి, సగ్గుబియ్యం జావ, ఒక ఇడ్లీ, ఏది లోపలికి పోతే అది. 70 లోపుకి పడితే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకి మళ్ళీ చూడండి.

విరేచనాలప్పుడు "ఓఆర్ఎస్‌లో చక్కెర ఉంది, మనకొద్దు" అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్రకారం లీటరు ఓఆర్ఎస్‌లో గ్లూకోజ్ 13.5 గ్రాములే. చిన్న గిన్నెడు అన్నంలో అంతకు రెండింతలకు పైగా పిండిపదార్థం ఉంటుంది. భయపడకుండా తాగండి, షుగర్ చూసుకుంటూ ఉండండి. అయితే ఆ పేరుతో డబ్బాల్లో అమ్మిన తియ్యటి పానీయాలు వేరు. వాటి మీద ఓఆర్ఎస్ అన్న మాట వాడకూడదని 2025 అక్టోబర్‌లో దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ దీని కోసం ఏళ్ళ తరబడి పోరాడారు.

మాత్రల్లో రెండు రకాల మీద కన్నేసి ఉంచండి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ లేదా ఎంపాగ్లిఫ్లోజిన్ తాత్కాలికంగా ఆపాలా అని అదే రోజు డాక్టర్‌ని అడగండి. చివరి రెండిట్లో ఏది వాడేవాళ్ళకైనా షుగర్ పెద్దగా పెరగకుండానే కీటోన్లు పేరుకోవచ్చు.

నీళ్ళు కూడా కడుపులో నిలవకపోయినా, కడుపునొప్పి, బరువుగా లాగే ఊపిరి, మగత, నోట్లోంచి మగ్గిన పండు వాసన, వీటిలో ఏది కనిపించినా ఇంట్లో లెక్కలు ఆపి ఆసుపత్రికి వెళ్ళిపోవాలి. ఎంత రాత్రయినా సరే.

అభ్యాసం: జ్వరం రోజు సూది వేసేది మీరు కాకపోవచ్చు. ఈ వారం మీ ఇన్సులిన్ సీసా, సిరంజి పక్కపక్కన పెట్టి చూడండి. 40 అని ఉన్న సీసాకి ఎర్ర మూత సిరంజి, 100 అని ఉన్నదానికి నారింజ రంగు మూత సిరంజి. 100 సీసాలోంచి ఎర్ర మూత సిరంజితో లాగితే రెండున్నర రెట్లు ఇన్సులిన్ ఒంట్లోకి పోతుంది. మీకు తగిన సిరంజి ఏదో ఇంట్లో ఇంకొకరికి చూపించి, వాళ్ళ చేత ఒకసారి లాగించి చూడండి.