పాటల డబ్బా ఆన్ కాకపోయినా, కనెక్ట్ కాకపోయినా ఎక్కణ్ణుంచి వెతకాలి

ప్లేయరు ఆన్ కాకపోతే లోపలి చిప్పు కాలిపోయిందని చాలామంది ముందే తీర్మానించేస్తారు. నిజానికి చిప్పు పోవడం అరుదు. చేయి తగిలే చోటే ఇవి చెడతాయి: చార్జింగ్ పిన్ను, పవర్ బటను, మెమరీ కార్డు సందు, ఇయర్‌ఫోన్ జాక్. బ్యాటరీ సంగతి సరేసరి. అందుకే వెతుకులాట బయటి నుంచి లోపలికి సాగాలి. స్క్రూడ్రైవరు, ఫార్మాట్ (మెమరీ మొత్తం చెరిపేయడం) అనే రెండు మాటలూ చివరికి రావాలి. పూజగదిలో కీర్తనలు పాడే చిన్న డబ్బాకైనా, మామిడితోట కాపలాలో మంచంకోడుకి వేలాడే ఎఫ్ఎం పెట్టెకైనా, బీరువాలో ఏళ్లుగా పడున్న ఐపాడ్‌కైనా వరస ఇదే.

కేబుల్, అడాప్టర్

ముందు అదే కేబుల్‌తో ఒక ఫోన్ చార్జ్ అవుతుందేమో చూడండి. అయినా సరే, కేబుల్ మంచిదని అప్పుడే నమ్మకండి. సీ-పిన్ను ఉన్న చవక ప్లేయర్లలో ఒక తిరకాసు ఉంది. రెండు వైపులా సీ-పిన్నే ఉన్న కేబుల్‌తో కొత్త ఫాస్ట్ చార్జర్‌కి పెడితే ప్లేయరు చార్జే ఎక్కదు. అవతల ఒక పరికరం ఉందని చార్జర్‌కి చెప్పే 5.1 కిలో ఓముల రెసిస్టర్లు రెండు బోర్డు మీద ఉండాలి. తయారీలో పైసలు మిగుల్చుకోవడానికి వాటిని వదిలేస్తారు. అవి కనపడకపోతే చార్జర్ కరెంటే వదలదు. అదే ప్లేయర్ని పాత దీర్ఘచతురస్రపు యూఎస్‌బీ మూతి ఉన్న మామూలు 5 వోల్టుల అడాప్టర్‌కి పెట్టండి, వెంటనే లైటు వెలుగుతుంది. ఈ ఒక్క కారణంతో మంచి ప్లేయర్లు చాలా చెత్తబుట్టలోకి పోతున్నాయి.

పవర్ బ్యాంక్‌దీ ఇలాంటి కథే. చిన్న ప్లేయరు లాగే కరెంటు మరీ తక్కువ కావడంతో, ఏమీ తగిలించలేదనుకుని పవర్ బ్యాంక్ అర నిమిషంలోనో నిమిషంలోనో తనంతట తానే ఆగిపోతుంది. రాత్రంతా పెట్టినా ప్లేయరు పొద్దునకి ఖాళీగానే ఉంటుంది. గోడ చార్జరే వాడండి.

గుండ్రటి పిన్ను ఉన్న పెట్టెలతో మాత్రం జాగ్రత్త. సెట్‌టాప్ బాక్సు అడాప్టర్ పిన్ను సరిగ్గా సరిపోతుంది. కానీ అది సాధారణంగా 12 వోల్టులది, పెట్టెకి కావలసింది 5. గుచ్చిన క్షణంలో చార్జింగ్ ఐసీ (చార్జింగ్ నడిపే చిప్పు) కాలుతుంది. పెట్టె వెనక రాసిన వోల్టు, అడాప్టర్ మీద ఔట్‌పుట్ అని రాసిన వోల్టు రెండూ ఒకటే అయితేనే పెట్టండి. ఆంపియర్లు ఎక్కువున్నా ఫర్వాలేదు, వోల్టులు మాత్రం ఎక్కువుండకూడదు.

బ్యాటరీ అడుక్కి పోయిందా?

ఈ ప్లేయర్లలో ఉండేది లిథియం సెల్. పేరుకి 3.7 వోల్టులు. నిండితే 4.2, సుమారు 3 దగ్గరికొస్తే ఖాళీ అయినట్టే. ఆరునెలలు బీరువాలో ఉంటే ఇంకా కిందికి జారుతుంది. అప్పుడు సెల్‌ని కాపాడే చిన్న సర్క్యూట్ దారి మూసేస్తుంది, ప్లేయరు చచ్చినట్టు కనిపిస్తుంది. అలాంటి సెల్‌కి చార్జింగ్ ఐసీ మొదట్లో పూర్తి కరెంటు ఇవ్వదు, దాదాపు పదో వంతే పంపిస్తుంది. వారం ఉపవాసం ఉన్నవాడికి మొదట గంజి తాపినట్టు. ఆ దశలో కొన్ని ప్లేయర్లకి లైటు కూడా వెలగదు. పది నిమిషాలు చూసి పీకేయకండి, కనీసం రెండు గంటలు ఉంచండి. మధ్యమధ్యలో చేత్తో తాకి చూడండి. గోరువెచ్చన మామూలే. చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా, వెనక మూత ఉబ్బినా వెంటనే తీసేసి ఆరుబయట సిమెంటు నేల మీద పెట్టండి.

ఎంత కరెంటు వెళ్తోందో చూపించే యూఎస్‌బీ మీటరు ఒకటి ఉంటే ఊహలతో పని లేదు. కేబుల్‌కి, అడాప్టర్‌కి మధ్య పెడితే చాలు. 0.00 ఆంపియర్లు అని చూపిస్తే కేబుల్, పిన్ను, సెల్ ఈ మూడింట్లో ఒకచోట దారి తెగింది. 0.03, 0.05 అలా ఉండి నెమ్మదిగా పెరుగుతుంటే సెల్ కోలుకుంటోంది. పెట్టగానే 1 దాటి, బోర్డు కాలుతుంటే లోపల షార్టు ఉంది, ఆపేయండి.

ఎండాకాలం సంగతి విడిగా చెప్పాలి. లిథియం సెల్‌ని 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జ్ చేయకూడదు. మే నెలలో తిరుపతిలో నీడలోనే 40 దాటుతుంది. అలిపిరి దగ్గర ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డు ఎంత కాగుతుందో చెప్పనక్కర్లేదు. అలా కాగిన ప్లేయరు చార్జింగ్ ఎక్కకపోతే అది చెడిపోయినట్టు కాదు. చల్లని గదిలో గంట ఉంచి మళ్లీ పెట్టండి. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, లోపల చెమ్మ పడుతుంది.

రీసెట్, ఆ తర్వాత కార్డు

చార్జ్ ఉండీ లేవకపోతే ముందు హోల్డ్ మీట (బటన్లని పనిచేయకుండా ఆపేది) చూడండి. ఇది జేబులో రాసుకుని తనే పక్కకి జరుగుతుంది. తర్వాత పవర్ బటన్ని 15 నుంచి 20 సెకన్లు వదలకుండా నొక్కండి. సూది పట్టే చిన్న రంధ్రం ఉంటే అందులో పేపర్ క్లిప్పుతో మెత్తగా ఒత్తండి. మైక్ రంధ్రం కూడా అలాగే ఉంటుంది, పక్కన రీసెట్ అని రాసుంటేనే గుచ్చండి.

ఐపాడ్‌లది వేరే పద్ధతి. చక్రం ఉన్నవాటికి హోల్డ్ ఒకసారి వేసి తీసి, మెనూ బటను, నడిమి బటను రెండూ కలిపి ఎనిమిది సెకన్లపాటు, యాపిల్ గుర్తు వచ్చేదాకా నొక్కాలి. గుర్తు రాగానే వదిలేసి నడిమి బటను, ప్లే బటను కలిపి పట్టుకుంటే డిస్క్ మోడ్‌లోకి వెళ్తుంది. ఆ మోడ్‌లో కంప్యూటర్‌కి కనిపిస్తే బోర్డు బతికే ఉన్నట్టు. ఏడో తరం నానోకి స్లీప్, హోమ్ బటన్లు రెండూ కలిపి నొక్కాలి. షఫుల్‌ని ఆఫ్ చేసి పది సెకన్లాగి ఆన్ చేస్తే చాలు. 2022 మేలో ఐపాడ్ తయారీ ఆగిపోయింది కాబట్టి ఇప్పుడు వాడుకలో ఉన్నవన్నీ పాతవే. వాటిలో ముందు అనుమానించాల్సింది సెల్‌నే.

లోగో దగ్గరే ఆగిపోతుంటే మెమరీ కార్డు తీసి ఆన్ చేయండి. లేచిందంటే ప్లేయరు మంచిది, తప్పు కార్డుది. లేచేటప్పుడు ప్లేయరు కార్డులోని పాటలన్నిటికీ జాబితా రాసుకుంటుంది. మధ్యలో ఒక ఫైలు పాడై ఉంటే అక్కడే గింజుకుంటుంది. కంప్యూటర్లో పాటలన్నీ వేరేచోట దాచి, కార్డు ఖాళీ చేసి, సగం సగంగా తిరిగి ఎక్కిస్తే ఏ గుంపులో చెడ్డది ఉందో తేలిపోతుంది.

పూజగది ప్లేయరు

దీనికో ప్రత్యేకమైన జబ్బుంది. దేవుడి పటాల పక్కన అరలో ఏడాది ఉన్న డబ్బాని తీసి యూఎస్‌బీ సందులోకి టార్చి కొట్టి చూడండి. అడుగున ఎర్రగా కుంకుమ, దాని మీద అగరుబత్తి మసి, దీపం నూనె ఆవిరి కలిసి జిగురుగా పేరుకుని ఉంటాయి. బంగారు రంగులో మెరవాల్సిన నాలుగు లోహపు పట్టీలూ గోధుమ రంగులో కనిపిస్తాయి. పెన్‌డ్రైవ్ పూర్తిగా దిగినట్టే ఉంటుంది, పట్టీలకి మాత్రం తగలదు. వాల్యూమ్ తిప్పితే గరగరమంటుంది.

ముందు స్విచ్చాఫ్ చేసి, చార్జర్ పీకండి. పొడి బ్రష్షుతో దులపండి. నోటితో ఊదొద్దు, తుంపర్లు పడతాయి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ని మెత్తటి టూత్‌బ్రష్‌కి రెండు చుక్కలు అద్ది పట్టీల మీద పొడవునా రుద్దండి. చార్జింగ్ పిన్ను సందులోని మసిని చెక్క టూత్‌పిక్‌తో గీకండి, గుండుసూది వద్దు. పది నిమిషాలు ఆరాక ఆన్ చేయండి. శానిటైజర్‌తో తుడవకండి, అందులో నీళ్లూ జిగురూ ఉంటాయి. కొబ్బరినూనె చుక్క వేస్తే గరగర పోతుందని కొందరంటారు. వారం రోజులు పోతుంది, ఆ తర్వాత ఉన్న దుమ్మంతా అక్కడే అతుక్కుంటుంది.

తడిస్తే

మన తిరుపతి వైపు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. తిరుమల మెట్లెక్కేటప్పుడు జేబులో చెమటకి తడిసేవి కూడా తక్కువేం కాదు, ఉప్పు వల్ల పిన్ను ఇంకా తొందరగా పచ్చబారుతుంది. తడిసినదాన్ని ఆన్ చేసి చూడాలనే ఆత్రం ఆపుకోవాలి. తడి బోర్డు మీదికి కరెంటు వెళ్తేనే తుప్పు పరిగెత్తేది. మూత ఊడేదైతే సెల్ తీసేయండి. బియ్యం డబ్బాలో పెట్టడం కన్నా ఫ్యాన్ గాలి కింద రెండు రోజులు ఉంచడం మేలు. బియ్యం పిండి సందుల్లోకి పోయి కొత్త తంటా తెస్తుంది.

మూత తీసి కొలవడం

ఇక్కడికీ దారి దొరక్కపోతే మల్టీమీటర్ని డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి సెల్ ఎర్ర, నల్ల తీగల దగ్గర కొలవండి. 3.6 పైన ఉంటే సెల్ మంచిదే, పవర్ బటను చూడండి. బటను కాళ్ల దగ్గర లెడ్డు (టంకం) వదిలేసి ఉంటుంది, కాస్త సోల్డరింగ్ ఐరన్ తగిలిస్తే అతుక్కుంటుంది. రెండు మూడు గంటలు చార్జ్ పెట్టాక కూడా 3 దాటకపోతే సెల్ మార్చాల్సిందే. ఎఫ్ఎం పెట్టెల్లో తరచుగా పాత నోకియా ఫోన్ల బీఎల్-5సీ సెల్ ఉంటుంది, చేత్తోనే మార్చుకోవచ్చు. చిన్న ప్లేయర్లలో వెండిరంగు సంచీ సెల్ ఉంటుంది. దాని మీద 402030 లాంటి అంకె చూడండి. 4 మిల్లీమీటర్ల మందం, 20 వెడల్పు, 30 పొడవు అని అర్థం. అదే కొలతది, సర్క్యూట్ ఉన్నది తెచ్చుకోవాలి. పాత తీగలు రెండూ ఒకేసారి కత్తిరిస్తే కత్తెర నోట్లోనే షార్టవుతుంది. ఒకటి కోసి, టేపు చుట్టి, తర్వాత రెండోది కోయండి. ఉబ్బిన సెల్‌ని వంచొద్దు, గుచ్చొద్దు.

కంప్యూటర్‌కి కనపడకపోతే

చార్జ్ అవుతూ కంప్యూటర్లో కనపడలేదంటే మొదటి దోషి మళ్లీ కేబులే. మామూలు యూఎస్‌బీ తీగలో నాలుగు పోగులుంటాయి. ఎరుపు, నలుపు కరెంటుకి, తెలుపు, ఆకుపచ్చ డేటాకి. చవక కేబుళ్లలో చివరి రెండూ ఉండవు. అదే కేబుల్‌తో ఫోన్ని కంప్యూటర్‌కి తగిలించండి. ఫైల్ ట్రాన్స్‌ఫర్ అడగకపోతే అది చార్జింగ్ కేబులే. క్యాబినెట్ ముందు పోర్టు బదులు వెనక పోర్టు వాడండి.

ప్లేయరు సెట్టింగుల్లో యూఎస్‌బీ మోడ్ ఉంటే ఎంటీపీ నుంచి ఎంఎస్‌సీకి మార్చండి, అప్పుడు పెన్‌డ్రైవ్‌లా కనిపిస్తుంది. తగిలించగానే కంప్యూటర్ శబ్దం చేసి, డ్రైవ్ మాత్రం రాకపోతే విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి డ్రైవ్ అక్షరం ఇవ్వండి. ఫార్మాట్ చేయమంటారా అని అడిగితే వద్దనండి. పాటలు కావాలంటే ముందు ఫొటోరెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో బయటికి తీసుకోండి, ఫార్మాట్ ఆ తర్వాత. ఐపాడ్‌కి పాటల్ని డ్రైవ్‌లోకి లాగి వదిలితే అవి పాడవు, ఐట్యూన్స్ లాంటి యాపిల్ సాఫ్ట్‌వేర్ ద్వారానే ఎక్కాలి.

కార్డు పెట్టినా పాట కనపడకపోతే ఫార్మాట్ చూడండి. 64 జీబీ, ఆ పై కార్డులు ఎక్స్‌ఫ్యాట్‌లో వస్తాయి. చాలా చవక ప్లేయర్లకి ఫ్యాట్32 మాత్రమే తెలుసు. 32 జీబీ కార్డు కొనడమే సులువు. వాట్సాప్‌లో వచ్చిన వాయిస్ రికార్డులు ఓపస్ రకం, వాటిని ఎంపీ3గా మార్చాలి. ఫైలు పేర్లు తెలుగులో ఉంటే స్క్రీన్ మీద గళ్లు కనిపిస్తాయి. అది ఫాంటు లేకపోవడమే, పాటకేమీ కాదు.

బ్లూటూత్

ఒకసారి జతపడిన పెట్టె ఆన్ కాగానే పాత ఫోన్ కోసమే వెతుక్కుంటుంది. పక్కగదిలో పిల్లల ఫోన్‌కి అతుక్కుని, మీకు దొరకదు. ఆ ఫోన్లో బ్లూటూత్ ఆపి, మీ ఫోన్లో పాత పేరు చెరిపేసి కొత్తగా జతచేయండి. ఇంకో సంగతి చాలామంది గమనించరు. జేబు ప్లేయర్లలో చాలావాటికి పాట పంపడమే తెలుసు, తీసుకోవడం తెలీదు. అలాంటిదాన్ని ఫోన్‌తో జతచేయాలని గంట కుస్తీ పట్టినా ప్రయోజనం లేదు, అది ఇయర్‌బడ్స్‌తోనో స్పీకర్‌తోనో కలుస్తుంది. స్క్రీన్ మీద పాట కదులుతూ స్పీకర్లో శబ్దం రాకపోతే ఇయర్‌ఫోన్ జాక్‌లో పిన్ను పెట్టి పదిసార్లు తీయండి. లోపలి స్ప్రింగు పట్టీ ఇరుక్కుని, ఇయర్‌ఫోన్ ఉన్నట్టే భ్రమపడుతుంది.

రిపేరుకిచ్చేటప్పుడు కార్డు, పెన్‌డ్రైవ్ తీసేసి ఇవ్వండి. తీసుకునేటప్పుడు కొట్లోనే చార్జర్ పెట్టి లైటు వెలుగుతుందో లేదో, పీకి పావుగంట ఫుల్ సౌండ్‌లో పాడుతుందో లేదో చూడండి. సెల్ మార్చామంటే పాత సెల్ చూపించమనండి.