ఊరి గ్రూపు మూగబోయిందా? లక్షణాన్ని బట్టి కారణం, మరమ్మతు

మాది కాలువ శివారు ఊరు. గోదావరి మీద ధవళేశ్వరం బ్యారేజీలో వదిలిన నీళ్ళు పైఊళ్ళ చేలన్నీ తడిపాక చివరికి మా బోదెల్లోకి వస్తాయి. "నీళ్ళు ఎందాకా వచ్చాయి?" అన్నది మా తాతల నాటి నుంచీ ఉన్న ప్రశ్న. ఒకప్పుడు సైకిలేసుకుని లాకుల దాకా వెళ్ళి చూసొచ్చేవాళ్ళు. ఇప్పుడు ఫోన్లో అడుగుతున్నారు. ఊరంతా కలిసి మాట్లాడుకోవడానికి మేం కొందరం ఒక వాట్సాప్ గ్రూపు నడుపుతున్నాం. దానికంటూ విడిగా ఖర్చు లేదు, అందరి ఫోన్లలో ఎలాగూ ఉన్న నెట్టే. అయితే అది రెండు మూడు సార్లు దాదాపు మూతపడింది. అప్పుడు మాకు కనబడ్డ లక్షణాలు, వెతికితే తేలిన కారణాలు, చేసుకున్న మరమ్మతులు ఇక్కడ రాస్తున్నాను.

ప్రశ్న అడిగితే ఎవరూ పలకడం లేదు

అన్నిటికన్నా ముందు చూడాల్సిన జబ్బు ఇదే. పొద్దున ఏడింటికి ఒక రైతు, "మా తూము దగ్గర గుర్రపుడెక్క అడ్డం పడింది, నీళ్ళు దిగడం లేదు, ఎవరైనా చూశారా?" అని రాస్తాడు. ఎనిమిదయ్యేసరికి దాని మీద శుభోదయాలు, దేవుడి పటాలు, పుట్టినరోజు కేకులు యాభై పడిపోతాయి. ప్రశ్న చూసినవాళ్ళే తక్కువ. ఊరివాళ్ళకి పట్టింపు లేదని మేం చాలాకాలం బాధపడ్డాం. నిజానికి ప్రశ్న వాళ్ళ కంట పడనేలేదు.

శుభోదయాలు పెట్టొద్దని కట్టడి చేస్తే పెద్దవాళ్ళు చిన్నబుచ్చుకున్నారు. వాళ్ళకి అదొక పలకరింపు, తప్పేమీ కాదు. అందుకని వాట్సాప్‌లో ఉన్న కమ్యూనిటీ సదుపాయం వాడి, ఒకే గొడుగు కింద రెండు గ్రూపులు పెట్టాం. ఒకటి 'ఊరి కబుర్లు', రెండోది 'ఊరి పనులు'. పలకరింపులు, పెళ్ళి ఫొటోలు మొదటిదానిలోకి వెళ్ళాయి. నీళ్ళు, కరెంటు, రోడ్డు, రేషను, పశువుల డాక్టరు లాంటివి రెండోదానిలో మిగిలాయి. ఎవరినీ ఒక్క మాట అనాల్సిన పని లేకపోయింది.

అయినా కొన్ని ప్రశ్నలు అలాగే ఉండిపోయేవి. పాత మెసేజీలు తిరగేసి చూస్తే అవి ఎక్కువగా పేట నుంచి, లంక (ఏటి మధ్య దిబ్బ) నుంచి వచ్చినవి. గ్రూపు నడిపే ముగ్గురమూ ఊరి నడిబొడ్డున ఒకే వీధివాళ్ళం. మా వీధి ప్రశ్నకి పది నిమిషాల్లో జవాబు వెళ్ళేది, లంక ప్రశ్నకి మర్నాడు వెళ్ళేది. కావాలని చేసింది కాదు. కానీ కాలువకి ఎగువనున్నవాడు నీళ్ళన్నీ తోడేసుకుంటే శివారు ఎండినట్టే ఇదీను. శివారువాళ్ళమై ఉండి మేమే ఆ పని చేశామని తెలిసినప్పుడు నాకు నిజంగా కష్టం వేసింది. వెంటనే లంక నుంచి ఒకరిని, పేట నుంచి ఒకరిని, డ్వాక్రా సంఘం నుంచి ఒకామెని అడ్మిన్లుగా చేర్చాం. ఇప్పుడు రోజుకొకరు వంతు చూస్తారు. వంతులో ఉన్నవాళ్ళ పని ఒక్కటే: చీకటిపడే లోపు ఏ ప్రశ్నా పలుకు లేకుండా ఉండకూడదు. జవాబు తెలియకపోతే "లస్కరుని (కాలువ నీళ్ళు చూసే ఉద్యోగిని) అడిగి రేపు చెబుతాను" అన్నా చాలు. జవాబిచ్చేటప్పుడు ఆ మెసేజిని వేలితో పక్కకి జరిపి, దాని కిందే రాయమని అందరికీ నేర్పాం. అప్పుడు ఏది దేనికి జవాబో తెలుస్తుంది.

జనం చెప్పకుండా వెళ్ళిపోతున్నారు

అలక అనుకుంటాం. చాలాసార్లు ఫోను నిండిపోవడం. తక్కువ ధర ఫోన్లలో జాగా కొంచెమే ఉంటుంది, గ్రూపులో వచ్చే వీడియోలన్నీ వాటంతట అవే దిగిపోతుంటే నెల తిరిగేలోగా ఫోను నత్తలా నడుస్తుంది. షాపతను "ఆ గ్రూపు తీసేయండి" అంటాడు, తీసేస్తారు. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా అన్నచోట వీడియోలు, ఫొటోలు ఆటోమేటిక్‌గా దిగకుండా ఆపేస్తే సరిపోతుంది. ఇది రాసి పెడితే ఎవరూ చేసుకోరు. ఒక ఆదివారం అరుగు మీద కూర్చుని, వచ్చినవాళ్ళ ఫోన్లలో మా ఇంటర్ పిల్లల చేత మార్పించాం. వెళ్ళిపోయినవాళ్ళలో చాలామంది తిరిగొచ్చారు.

అడిగిందే మళ్ళీ అడుగుతున్నారు, పాత జవాబు దొరకడం లేదు

వేసవిలో కాలువలు ఎప్పుడు కట్టేస్తారు, సార్వాకి (తొలకరి పంటకి) ఎప్పుడు వదులుతారు, దాళ్వాకి (రెండో పంటకి) వంతులవారీగా నీళ్ళిచ్చే పద్ధతి ఉందా లేదా. ఈ మూడూ ఏటా వచ్చే ప్రశ్నలే. దీనికి కారణాలు మూడు నాలుగు కలిసి ఉంటాయి, ఒక్కొక్కటే చూసుకోవాలి.

కొత్తగా చేరినవాళ్ళకి అంతకుముందు మాట్లాడుకున్నవి వాట్సాప్‌లో మామూలుగా కనబడవు. కాబట్టి వాళ్ళు అడగడం సహజం. పైన పిన్ చేసిన మెసేజి మాయమైపోతే ఎవరో తీసేశారని అనుమానపడకండి. వాట్సాప్‌లో పిన్‌కి గడువు ఉంటుంది, 24 గంటలు, 7 రోజులు, 30 రోజులు. గడువు దాటితే అదే దిగిపోతుంది. మేం ప్రతి నెలా ఒకటో తారీఖున మళ్ళీ పిన్ చేస్తాం. పంపిన మెసేజీలు కొన్నాళ్ళకి వాటంతట అవే పోతుంటే మాత్రం డిసప్పియరింగ్ మెసేజెస్ ఎవరో ఆన్ చేశారన్నమాట. మా గ్రూపులో ఒక చిన్నపిల్లవాడు తాతగారి ఫోనుతో ఆడుకుంటూ నొక్కాడు. గ్రూపు పర్మిషన్స్‌లోకి వెళ్ళి, సెట్టింగ్స్ మార్చే హక్కు అడ్మిన్లకే ఉండేలా చేస్తే ఆ బెడద ఉండదు.

పాతవన్నీ అందరికీ కనబడాలని గట్టిగా అనుకుంటే టెలిగ్రామ్ మేలు. అందులో కొత్తవాళ్ళకి పాత సంభాషణ చూపించేలా పెట్టుకోవచ్చు, విషయానికో గది చొప్పున టాపిక్స్ కూడా పెట్టుకోవచ్చు. కానీ మా ఊళ్ళో అది ఉన్న ఫోన్లు తక్కువ. జనం ఉన్నచోటే గ్రూపు ఉండాలన్నది నా అభిప్రాయం.

ఇక వెతకడం సంగతి. ఒకరు 'నీళ్ళు' అంటారు, ఒకరు 'నీళ్లు' అంటారు, ఇంకొకరు 'నీరు' అంటారు, కుర్రాళ్ళు ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. ఫోనుకి ఇవన్నీ వేరువేరు మాటలు. వెతికితే నాలుగింట మూడు దొరకవు. మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం: తేలిన జవాబుని వంతులో ఉన్నవాళ్ళు మళ్ళీ రెండు వాక్యాల్లో రాస్తారు, మొదటి మాటగా 'నీరు', 'కరెంటు', 'వరద', 'రేషను' వీటిలో ఏదో ఒకటి ఎప్పుడూ ఒకేలా పెడతారు. ఇప్పుడు 'నీరు' అని కొడితే మూడు పంటల కబుర్లు వరసగా వస్తాయి. టైపు చేయడం రానివాళ్ళు ఆడియో పంపుతారు, పంపనివ్వండి, వాళ్ళ గొంతు గ్రూపులో ఉండాలి. ఆ ఆడియో సారాన్ని ఇంకొకరు కింద రాస్తే చాలు. కీబోర్డు మీద మైకు గుర్తు నొక్కి తెలుగులో మాట్లాడితే అక్షరాలుగా పడుతుందని చాలామందికి తెలియదు. మా గ్రూపులో అరవై దాటినవాళ్ళు ఇప్పుడు అలాగే రాస్తున్నారు.

ఆడవాళ్ళు చేరారు గానీ మాట్లాడటం లేదు

గ్రూపులో ఉన్న ప్రతివాళ్ళకీ అందరి నంబర్లూ కనబడతాయి. ఒకామె అంగన్వాడీ గుడ్ల గురించి అడిగితే, ఆ రాత్రి ఎవడో తెలియని నంబరు నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఆమె తప్పుకుంది, ఆమెతో పాటు ఇంకా కొందరు తప్పుకున్నారు. మొహమాటం వల్ల మాట్లాడటం లేదనుకుని మేం పొరబడ్డాం. భయం వల్ల మాట్లాడటం లేదు.

చేరే లింకుని ఎక్కడపడితే అక్కడ పంచడం మానేసి, పాత లింకు రీసెట్ చేశాం. ఇప్పుడు చేరాలంటే అడ్మిన్ ఒప్పుకోవాలి, ఇంటిపేరు, వీధి చెప్పాలి. ఆడవాళ్ళకి వేరే గ్రూపు ఉంది, దాన్ని వాళ్ళే నడుపుతారు. వాళ్ళు అడగదలచుకున్నది అక్కడి అడ్మిన్ తన పేరు మీద ఊరి పనుల గ్రూపులో అడుగుతుంది. వేధించినవాణ్ణి హెచ్చరించి వదిలేయొద్దు, ఆ రోజే తీసేయాలి. ఈ ఒక్క విషయంలో నాకు రెండో ఆలోచన లేదు.

వరదప్పుడు పుకార్లు

జులై, ఆగస్టు నెలల్లో వచ్చే చిక్కు. ఒక రాత్రి "గట్టు తెగింది" అని వీడియో వచ్చింది. లంకలో రెండు కుటుంబాలు చీకట్లో పశువుల్ని తోలుకుని పడవ రేవుకి వచ్చేశాయి. తెల్లారాక చూస్తే అది ఏ ఏడాదిదో, ఏ ఊరిదో. మా గట్టు మాత్రం చెక్కుచెదరలేదు.

పంపినవాళ్ళది దుర్బుద్ధి కాదు, ఆదుర్దా. వీడియోకి తేదీ ఉండదు, గుండె ఆగదు. ఫార్వర్డ్ చేసినదానికి వాట్సాప్ బాణం గుర్తు వేస్తుంది. చాలాసార్లు చేతులు మారినదైతే రెండు బాణాలు వేస్తుంది. రెండు బాణాలు కనబడితే వరద రోజుల్లో మా గ్రూపులో ఎవరు పంపినా అడ్మిన్ తీసేస్తారు. స్వయంగా చూసినది మాత్రమే చెప్పాలి, ఏ చోటు, ఎన్ని గంటలకి అన్నది కలిపి చెప్పాలి.

పుకారుని ఆపాలంటే అసలు లెక్క ముందుగా అందాలి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. భద్రాచలంలో ఇవి 43, 48, 53 అడుగులు. మొదటి హెచ్చరిక వచ్చిన దగ్గరనుంచి వంతులో ఉన్నవాళ్ళు పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అధికారులు చెప్పిన మట్టాన్ని టైముతో సహా పెడతారు. 1986 వరద చూసిన పెద్దలు ఆ అంకె చూసి మన లంకకి ఏమవుతుందో ఇట్టే చెబుతారు. వాళ్ళ మాటకి ఉన్న విలువ ఏ వీడియోకీ లేదు. వరద రోజుల్లో 'ఊరి పనులు' గ్రూపులో అడ్మిన్లు మాత్రమే రాసేలా మార్చి, అడగాల్సినవి 'కబుర్లు'లో అడగమంటాం.

పథకం డబ్బులంటూ లింకులు, యాప్‌లు

పీఎం కిసాన్ పేరుతో ఏపీకే ఫైలు (నొక్కితే ఫోనులో యాప్ ఎక్కించేది) వచ్చిందంటే, పంపినవారి ఫోను అప్పటికే మోసగాళ్ళ చేతిలో పడి ఉండవచ్చు. ఫైలు అందరికీ డిలీట్ చేయండి, ఆయనకి మామూలు ఫోన్ చేసి చెప్పండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి.

రాజకీయం, కులం, గొడవ

రాతలో మాట పదునెక్కుతుంది. మేం మెసేజి తీసేసి, ఇద్దరికీ విడివిడిగా ఫోన్ చేసి, సాయంత్రం టీ బడ్డీ దగ్గర కూర్చోబెడతాం. గ్రూపులో పంచాయితీ పెట్టం.

అడ్మిన్ ఫోను పోయింది

నా ఫోనే కాలువలో పడింది. మిగతా అడ్మిన్లెవరూ అప్పుడు ఊళ్ళో లేరు, పది రోజులు గ్రూపు దిక్కులేకుండా పోయింది. కనీసం ముగ్గురు అడ్మిన్లుండాలి, అందులో ఇద్దరు ఊరు వదలని వాళ్ళై ఉండాలి.

టవరే పనిచేయడం లేదు

తుఫానులో కరెంటు పోతే టవర్లు కొన్ని గంటలకి ఆగిపోతాయి. 2022 మే నెలలో కోనసీమలో రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేసినప్పుడూ గ్రూపు ఉన్నా లేనట్టే అయింది. దీనికి ఫోనులో మందు లేదు, కాగితం మీద ఉంది. పదేసి ఇళ్ళకి ఒకరు చొప్పున పేర్లు, నంబర్లు రాసి, అట్ట మీద అంటించి రేషను షాపులో, రామాలయంలో, చర్చిలో, లంక రేవు దగ్గర కట్టాం. నెట్ లేకపోయినా మామూలు కాల్ వెళ్తే అది, అదీ వెళ్ళకపోతే మనిషి. పడవ సాయం కావాలంటే అత్యవసర నంబరు 112. నడవలేని పెద్దవాళ్ళు, నిండు చూలాళ్ళు ఏ ఇంట్లో ఉన్నారో కూడా పది ఇళ్ళ మనిషికి తెలిసి ఉండాలి, ఆ వివరం అట్ట మీద రాయం. కాలువలు కట్టేసిన రోజుల్లో ఒకసారి అన్ని నంబర్లకీ ఫోన్ చేసి చూసి, మారినవి కొట్టేసి కొత్తవి రాస్తాం. ఈ ఏడు చూస్తే లంక అట్ట మీదే నాలుగు నంబర్లు మారాయి.