పిల్లలు పొద్దున్నే లేవట్లేదా? ముందు సాయంత్రం సంగతి చూడండి

అలారం మోగుతుంది, ఆగుతుంది, మళ్లీ మోగుతుంది. దుప్పటి లాగితే ముడుచుకుని అటు తిరిగి పడుకుంటారు. లేపి కూర్చోబెట్టి బ్రష్ చేతికిస్తే, అది నోట్లో పెట్టుకునే కళ్లు మూస్తారు. చివరికి అరుపులు, ఏడుపులు, బయట బస్సు హారన్. బడికెళ్లే పిల్లలున్న ఇంట్లో ఏడాదిలో ఏదో ఒక నెల ఈ గొడవ తప్పదు. మా ఇంట్లో, చెల్లెళ్ల ఇళ్లలో, ఆఫీసులో తోటివాళ్ల ఇళ్లలో ఇదే తంతు చూసి చూసి విసుగొచ్చింది. అందరూ పొద్దుటి మీదే పడతారు. ఇంకా గట్టిగా మోగే అలారం కొంటారు, గోడకి స్టార్ల చార్టు అంటిస్తారు, పిల్లకి బద్ధకమని పేరు పెడతారు. నిద్ర ఎన్ని గంటలు పోతోందో మాత్రం ఒక్కరూ లెక్క వెయ్యరు.

ముందు లెక్క వెయ్యండి

6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పింది. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు 8 నుంచి 10. అంటే పొద్దున 6:30కి లేవాల్సిన నాలుగో తరగతి పిల్ల, ఎంత తక్కువలో తక్కువ చూసుకున్నా, రాత్రి 9:30కల్లా నిద్రలో ఉండాలి. పక్క ఎక్కిన టైము లెక్కలోకి రాదు. లైటు తీసేసిన అరగంటకి మెల్లగా వెళ్లి చూడండి. నిద్ర పట్టిందో లేదో చూసి ఆ టైము కాగితం మీద రాయండి. ఒక వారం రాస్తే చాలు. రాయకుండా గుర్తుపెట్టుకుంటామంటే కుదరదు, నోటితో చెప్పమంటే ఎవరైనా ఒక గంట కలిపే చెప్తారు.

సగం ఇళ్లలో సమస్య ఇక్కడే బయటపడుతుంది. పక్క మీదికి వెళ్లేదే పదింటికి. పరిష్కారం మీకూ తెలుసు: భోజనం ముందుకు జరపండి, స్కూలు బ్యాగు సాయంత్రమే సర్దించండి, పడుకునే ముందు గంట ఫోను, టీవీ ఆపండి. దీనికి ఇంతకన్నా చెప్పడానికి ఏమీ లేదు.

సోమవారాలు, సెలవుల తర్వాత మాత్రమే ఇబ్బందైతే

శనాది వారాల్లో పదింటిదాకా పడుకోనిస్తున్నారు. పొద్దుటి వెలుతురు కంట పడే వేళను బట్టి ఒంట్లో గడియారం సర్దుకుంటుంది. రెండు రోజులు ఆ వెలుతురు ఆలస్యంగా పడితే ఆదివారం రాత్రి నిద్ర కూడా ఆలస్యంగానే వస్తుంది. సెలవు రోజైనా మామూలు టైముకన్నా గంటకి మించి పడుకోనివ్వకండి. పెద్ద సెలవులైతే బడి తెరవడానికి పది రోజుల ముందు నుంచి, రెండు మూడు రోజులకోసారి లేచే టైమును పావుగంట చొప్పున ముందుకు జరపండి. లేచే టైము మారితే పడుకునే టైము దానంతట అదే వెనకాల వస్తుంది. తిరగేసి చేస్తేనే తంటా.

తొమ్మిదింటికే పక్క మీద ఉంటుంది, పదకొండైనా నిద్ర పట్టదు

జనాన్ని నెలల తరబడి తిప్పలు పెట్టేది ఇదే. ఫోను తీసేశారు, టీవీ ఆపేశారు, లైటు తీసేశారు. పిల్ల మాత్రం చీకట్లో ఫ్యాన్ చూస్తూ పడుకుంది. మధ్యలో మంచినీళ్లు, ఆ తర్వాత బాత్‌రూమ్, ఆ తర్వాత "అమ్మా, డైనోసార్లు ఎందుకు చచ్చిపోయాయి?" పొద్దున మళ్లీ శవంలా లేవడం.

చాలాసార్లు కారణం సాయంత్రం కునుకు. "మా పిల్ల పగలు పడుకోదండీ" అని చెప్పేవాళ్లే ఎక్కువ. వాళ్లు అబద్ధమాడట్లేదు, వాళ్లు చూడలేదు అంతే. బడి బస్సులో చివరి ఇరవై నిమిషాలు పడుకుంటుంది. ఇంటికొచ్చాక సోఫాలో యూనిఫాంతోనే ఇంకో అరగంట. అమ్మా నాన్నా ఆఫీసు నుంచి వచ్చేసరికి లేచి, మొహం కడుక్కుని ఆడుకుంటూ ఉంటుంది. ఇంట్లో అమ్మమ్మో నానమ్మో ఉంటే "పాపం అలిసిపోయింది, పడుకోనీ" అని ఫ్యాన్ కూడా వేస్తారు. ఇది చెప్పాల్సిన విషయమని వాళ్లకెందుకు తడుతుంది?

బస్సు దిగగానే పిల్ల చెంప చూడండి. బ్యాగు మీద తల పెట్టి పడుకుని ఉంటే జిప్పు పళ్ల అచ్చు వరసగా, ఎర్రగా పడి ఉంటుంది. కిటికీకి ఆనుకుని పడుకుంటే ఆ పక్క జుట్టు అణిగిపోయి ఉంటుంది. ఇది ఎవర్ని అడిగినా దొరకని సాక్ష్యం. అడగాల్సి వస్తే బస్సులో ఆయాని అడగండి, పిల్లని కాదు. పిల్ల "నేను పడుకోలేదు, కళ్లు మూసుకున్నానంతే" అంటుంది.

మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడెనోసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది. రాత్రికి నిద్ర ముంచుకొచ్చేది చాలావరకు దాని వల్లే. సాయంత్రం ఐదున్నరకి ముప్పావుగంట పడుకుంటే, పొద్దుట్నుంచి పోగైనదాంట్లో మంచి వాటా ఖర్చయిపోతుంది. తొమ్మిదింటికి మీరు పడుకోమంటారు, ఒంటికి ఇంకా ఏడింటి ఓపిక ఉంటుంది. పదకొండింటికి పడుకుంటుంది, 6:30కి లేపుతారు, మర్నాడు బస్సెక్కగానే తల వాలుతుంది. ఎక్కడా తెగని చక్రం.

ఇంకో సంగతి. ఈ కునుకు పెద్దవాళ్లకీ కలిసొస్తుంది, అందుకే అంత తొందరగా పోదు. ఏడింటికి ఇంటికొచ్చిన తల్లిదండ్రులకి హుషారుగా కబుర్లు చెప్పే పిల్ల దొరుకుతుంది. కునుకు తీసేస్తే అదే పిల్ల ఏడింటికి వేలాడిపోతూ, ముట్టుకుంటే ఏడుస్తూ ఉంటుంది. రోజులో దొరికే ఆ ఒక్క గంటా పాడయింది కదా అనిపిస్తుంది. ఇది ముందే తెలిసి దిగండి.

ఏం చేయాలంటే: బస్సులో కిటికీ సీటు మార్పించి, వాగుడుకాయ స్నేహితురాలి పక్కన కూర్చోబెట్టించండి. సరదాకి చెప్పట్లేదు, బాగా పనిచేస్తుంది. ఇంటికి రాగానే సోఫా దగ్గరికి పోనివ్వకుండా స్నానం, తిండి, ఆ వెంటనే బయట ఆట. వెలుతురు ఉన్నప్పుడే బయటికి పంపాలి. హోంవర్క్ ఆట తర్వాతే, తిన్న వెంటనే పుస్తకం ముందు కూర్చోబెడితే దాని మీదే పడుకుంటుంది. మొదటి మూడు నాలుగు రోజులు రాత్రి భోజనం ఏడింటికే పెట్టేసి ఎనిమిదింటికే పడుకోబెట్టండి. హోంవర్క్ మిగిలితే టీచరుకి ఒక చీటీ రాసివ్వండి. ఎక్కువమంది రెండో రోజు సాయంత్రం ఏడుపు చూడలేక "పది నిమిషాలు పడుకోలే" అంటారు. ఆ పది నిమిషాలు ముప్పావుగంట అవుతుంది, లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

బొత్తిగా ఆగలేకపోతే సాయంత్రం నాలుగు లోపు, 20 నిమిషాలు, అలారం పెట్టి. అంతకు మించితే గాఢనిద్రలోకి జారుకుంటుంది, అప్పుడు లేపితే ఇంకో అరగంట చిరాకు. ఐదేళ్ల లోపు పిల్లల జోలికి మాత్రం వెళ్లకండి, వాళ్లలో చాలామందికి పగటి నిద్ర ఇంకా అవసరమే. జ్వరమొచ్చి తగ్గిన వారం కూడా పడుకోనివ్వండి.

ఒకసారి సరిచేస్తే సరిపోయిందనుకోవద్దు. కొత్త తరగతిలో బడి టైము మారినా, బస్సు రూటు మారి ప్రయాణం పెరిగినా, ఆటల ప్రాక్టీసు మొదలైనా ఇది చప్పుడు చేయకుండా తిరిగొస్తుంది. అప్పుడు మళ్లీ చెంప చూడండి.

పదమూడు దాటిన పిల్లలైతే

ఈడు వచ్చేటప్పుడు ఒంట్లో గడియారమే గంటా రెండు గంటలు వెనక్కి జరుగుతుంది. తొమ్మిదింటికి పడుకోమంటే నిజంగానే నిద్ర రాదు, పొగరనుకోకండి. పదింటికి ఒప్పందం చేసుకోండి, సాయంత్రం టీ, కూల్‌డ్రింకులు మానిపించండి, పొద్దున లేవగానే కిటికీ తెరవండి.

మిగతావి

నిద్ర గంటలు సరిపోయినా, రెండు వారాలు కునుకు లేకుండా గడిచినా పొద్దున అలాగే ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్లండి. నోరు తెరుచుకుని గురక పెడుతుంటే టాన్సిల్స్, ఎడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే కండలు) చూస్తారు. పాలిపోయి ఆయాసపడుతుంటే రక్తపరీక్ష రాస్తారు. రాత్రిళ్లు మలద్వారం దగ్గర దురదతో లేస్తుంటే నులిపురుగులు, మందుతో పోతాయి. వెళ్లేటప్పుడు వారం పాటు టైములు రాసిన కాగితం వెంట తీసుకెళ్లండి, డాక్టరు ముందు అడిగేది అదే.