రెయిన్‌కోటు వేసుకున్నా ఎందుకు తడుస్తున్నాం? బండి మీద వెళ్లేవాళ్ల కోసం

ఆఫీసుకు చేరి రెయిన్‌కోటు విప్పితే చొక్కా తడిగా ఉంటుంది. కోటు పాడైందనుకుని కొత్తది కొనేస్తాం. కొనే ముందు ఆ తడి ఎక్కడుందో ఒకసారి చూడండి.

వీపు మీద, చంకల్లో ఉంటే అది వాన కాదు, చెమట. ప్లాస్టిక్ కోటు నీళ్లను లోపలికి రానివ్వదు, మన ఒంటి నుంచి వచ్చే ఆవిరిని బయటికీ పోనివ్వదు. వానకు చల్లబడిన కోటు లోపలివైపు ఆ ఆవిరి మళ్లీ నీళ్లవుతుంది, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా బయట చెమ్మ పట్టినట్టే. కాబట్టి కొనేటప్పుడు మందం చూడొద్దు, చంకల కింద రంధ్రాలు, వీపు మీద గాలి ఆడే చీలిక, లోపల జాలీ లైనింగ్ ఉన్నాయా చూడండి. ఒక సైజు పెద్దదే తీసుకోండి.

ఛాతీ మీద, ఒళ్లో ఉంటే మాత్రం వానే. 5 మిల్లీమీటర్ల పెద్ద చినుకు దాదాపు గంటకు 32 కిలోమీటర్ల వేగంతో కిందికి పడుతుంది. బండి కూడా అదే వేగంతో వెళ్తుంటే, గాలి లేకపోయినా సరే, ఆ చినుకు మనకు 45 డిగ్రీల వాలులో ఎదురొచ్చి తగులుతుంది, ఇక తుంపరైతే ఇంకా నెమ్మదిగా పడుతుంది కాబట్టి దాదాపు అడ్డంగానే కొడుతుంది. అంటే దెబ్బంతా ముందున్న జిప్పు మీదే. దాని మీద వెడల్పాటి పట్టీ, ఆ పట్టీకి బటన్లు లేని కోటు బండికి పనికిరాదని నా అభిప్రాయం. కూర్చున్నప్పుడు ఒళ్లో నీళ్లు మడుగు కట్టి ప్యాంటు కుట్ల సూది రంధ్రాల్లోంచి దిగుతాయి, అందుకే లోపల కుట్ల మీద టేపు అతికించి ఉందో లేదో తిరగేసి చూడాలి. ప్యాంటు అంచు బూట్ల లోపలికి దోపకండి, పైనే ఉంచండి.

బట్టతో చేసిన కోటైతే కొత్తలో దాని మీద చినుకులు తామరాకు మీద నీటిబొట్టులా జారిపోతాయి. అది పైన వేసిన పూత వల్ల. మామూలు సబ్బుపొడితో ఉతికితే మిగిలిపోయిన సబ్బు నీటిబొట్టును పరుచుకునేలా చేస్తుంది, అప్పుడు బట్ట నీళ్లు పీల్చి బరువెక్కుతుంది. బురద అంటితే మంచినీళ్లతో కడిగేస్తే చాలు.

వెనక కూర్చున్నవాళ్లు దయచేసి గొడుగు విప్పకండి. గాలి పట్టిందంటే మిమ్మల్ని వెనక్కి లాగేస్తుంది, ఆ వాలు వానకు అది ఆపేదీ తక్కువే. తొలి వానకు రోడ్డు మీది నూనె, దుమ్ము కలిసి బాగా జారుతుంది, తడవకూడదని వేగం పెంచకండి. ఫ్లైఓవర్ కింద ఆగాలనిపిస్తే బండిని రోడ్డు మీంచి పూర్తిగా పక్కకు తీసి ఆపండి, వెనక నుంచి వచ్చేవాళ్లకు ఆ వానలో మీరు కనబడరు.

ఇంటికొచ్చాక కోటును తడిగా మడిచి డిక్కీలో కుక్కొద్దు. లోపలివైపు బయటికి తిప్పి నీడలో ఆరేయండి, లేదంటే మర్నాడు పొద్దున వాన లేకపోయినా తడికోటే వేసుకోవాల్సి వస్తుంది.